ముఫ్లిస్‌ల గెలిచేదెట్ల

జూన్ 17

ఇయ్యాల ఆటకు పోలే. నడుం నొస్తుంది.

పొద్దుగూకింది. పైన రాసింది అబద్ధం. గీ డైరీ నేను తప్ప ఎవరు చదువుతరు? నాకు నేనే అబద్ధం చెప్పుకొని ఏం గెలుస్త? నిన్న నన్ను ఆటల కెళ్లి లేపిన్రు.

మొగులయ్య ఇంటెనుక రేకుల షెడ్డుల కూసున్నం, దినాం కూసున్నట్టే. సంగమేశ్ పత్తలు పంచుతుండు. పంచుకుంట పంచుకుంట ఆగిండు. ఒక పత్తను బొటనవేలుతోని రుద్దిండు. ఇంకోటి తీసి రుద్దిండు. వాడు నాగల్‌గిద్దోడు, కందుల యాపారి. పిడికెడు కందులు పట్టుకుంటె అండ్ల మన్నెంత పుచ్చెంత చెప్తడు. గసుంటి వేళ్లు.

"కాకా, గిదేంది?" అన్నడు.

చూస్తే రెండు మీద గోరుతోని రెండు గీతలు. మూడు మీద మూడు. నాలుగు, ఐదు, ఆరు, గన్నిటికి గంతే. పత్త ముందట దిక్కే, కింది మూలకు. ఏడు కెళ్లి పైకి ఏం లెవ్వు. రాజుల జోలికి రాణుల జోలికి ఎవ్వడు పోలే. ముఫ్లిస్‌ల పెద్ద పత్తలు చెత్త, చిన్నయే బంగారం. గది ఎరికైనోడే గీకిండన్నట్టు. ఆ కట్టను ముట్టేటోళ్లం నలుగురమే.

మొగులయ్య నెత్తి మీది అద్దాలు ముక్కు మీదికి దించిండు. వాడు కండక్టర్ చేసి దిగినోడు. చిల్లర ఇయ్యకుండనే ఇల్లు గట్టిండని నేనెప్పుడు అంట. వాడు, సంగమేశ్, ఇద్దరు నా దిక్కే చూసిన్రు.

నేను నవ్విన. నవ్వుడే తప్పయింది.

"ఇంకెవడు చేస్తడ్రా" అన్నడు జమాల్. "గీ స్తెఫన్‌గాడే. షైతాన్ పని ఏడున్నా వీనిదే."

జమాల్ అన్నడు. మొగులయ్య అనలే, సంగమేశ్ అనలే. నాతోని ఒక్క సైకిల్ మీద మిషన్ బడికొచ్చిన జమాల్, నా పెండ్లి అంగీ కుట్టిన జమాల్, వాడు ముందుగాల అన్నడు.

"నేను కాదు" అన్న.

పోయిన ఉగాదికి కట్టల నాలుగు జోకర్లు ఎక్కువ కలిపింది నేనే. మొగులయ్య చెప్పులు మేక మెడకు గట్టింది నేనే. అప్పుడు గూడ "నేను కాదు" అనే అన్న. గందుకే ఎవడు నమ్మలే.

"లే కాకా. ఒప్పుకునేదాక రాకు" అన్నడు సంగమేశ్.

చెప్పులేసుకుంట, "నా పందెం చింతగింజలు ఏంచుకొని తినుండ్రి, పళ్లున్నోళ్లు" అన్న. ఎవడు నవ్వలే.

జూన్ 18

నాకేం ఫరక్ పడదు.

జూన్ 20

నా పెండ్లాం గ్రేసమ్మ మురుస్తుంది. పత్తలాట అంటే ఆమెకు చర్చికి ఉల్టా దిక్కు.

"దేవుడే నిన్ను ఆడికెళ్లి లేపిండు" అన్నది.

"దేవుడు గాదే, జమాల్ లేపిండు. దేవునికి గంత కోపముండదు."

కోడలు లిల్లీ బియ్యం ఏరుకుంట నవ్వింది. నవ్వి ఊకుంటె అయిపోవు. "మామా, చిన్న పత్త గెలిచే ఆటకు తెలివెందుకు? నసీబే గద, గంతగనం పరేషాన్ అయితున్నవ్" అన్నది.

నసీబట! నేను పరేషాన్ అయితలే. ఊకె కూసోలేక గిది రాస్తున్న. ముఫ్లిస్‌ల గెలిచేదెట్ల, మా కోడలికి గాదు, నాకే.

ముందుగాల మనసు తిప్పుకోవాలె. మూడు పత్తలాటల జత పడితే సంబురపడుడు అందరికి అలవాటు. ముఫ్లిస్‌ల జత పడితే పీనుగ పడ్డట్టే. వరుస పడ్డా గంతే, ఒక్క రంగువే మూడు పడ్డా గంతే. మూడు ఆసులు పడ్డోడు మామూలు ఆటల నవాబు, గీడ వానంత దరిద్రుడు లేడు. రెండు, మూడు, నాలుగు పడితే కొత్తోడు ఎగిరి దుంకుతడు. అది వరుసరా గాడిదా. రెండు, మూడు, ఐదు, రంగు కలవకుండ పడాలె. గది పడినోన్ని దేవుడు గూడ కొట్టలేడు. గ్రేసమ్మ చదివితే నన్ను సంపుతది.

మూడిట్ల పెద్దదేందో గదొక్కటే చూడాలె. రెండు, మూడు ఉన్నయని మురిసి పక్కన నిలవడ్డ రాణిని మర్చిపోతరు. మొగులయ్య దినాం గట్లనే మునుగుతడు. పెద్దది తొమ్మిది లోపలుంటె కూసో. పదైతే ఎదుటోన్ని చూసి కూసో. బొమ్మ ఉంటె పత్తలు పడేసి చాయ్ తాగు.

పత్తలు చూడకుండ ఆడేదాన్ని బ్లైండ్ అంటరు. ముఫ్లిస్‌ల బ్లైండ్ మంచిగ పనిచేస్తది. ఎందుకంటె చెత్త అందరికి పడ్తది, గీడ చెత్తనే సరుకు. పైంగ చూడనోనికి సగం గింజలే పడ్తయి, చూసినోడు రెండింతలు ఏసుకుంట సస్తడు. కని మూడు సార్లే. నాలుగోసారి గూడ చూడకుండ ఏసేటోడు మొగోడు గాదు, బేవకూఫ్.

ముఖం చూడొద్దు, చేతులు చూడాలె. నేను ఎడ్ల దలాలి చేసిన. సంతల రుమాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకొని బేరం చేస్తం, పైన ముఖాలు పీనుగుల లెక్క ఉంటయి. వేళ్లకు నటించుడు రాదు. మొగులయ్యకు చిన్నయి పడితే పత్తలు కడుపుకు దగ్గరికి తీసుకుంటడు, ఎవడో గుంజుకుంటడన్నట్టు. సంగమేశ్‌కు పెద్దయి పడితే చెవి గోక్కుంటడు. జమాల్‌నే చదవలేం. వాడు ఏం పడ్డా పత్తల మీద బొటనవేలు జరుపుకుంట కూసుంటడు, తస్బీ పూసలు తిప్పినట్టు.

ఆఖరుది. నోరు ముయ్యొద్దు. మంచి పత్తలు పడ్డప్పుడే సప్పుడు బంద్ చేసేటోడు దొరికిపోతడు. నేను అన్నిటికి వాగుత. రెండు, మూడు, ఐదు పట్టుకొని గూడ మొగులయ్య పెండ్లాం కథ చెప్పిన. ఎవనికి అందలే.

రాసేసరికి ఆట యాల్లయింది. ఇప్పుడు పంచుతుంటరు.

జూన్ 23

బస్ స్టాండ్ కాడ హోటల్ల మొగులయ్య కలిసిండు. నన్ను చూసి లేద్దామా కూసుందామా అన్నట్టు సగం లేసిండు.

"కూసో, నిన్ను గీకనుతీ. గీకేదంతా పత్తలనే గద" అన్న.

వానికి నవ్వొచ్చింది, ఆపుకున్నడు. "వారీ స్తెఫనూ, ఒక్కసారి వచ్చి నేనే చేసినని చెప్పరాదు? నవ్వి మర్చిపోతం. ముగ్గురితోని ఆట మజా లేదురా. సంగమేశ్‌కు కోపం, జమాల్‌కు మాట లేదు. నువ్వు లేక సావుకొచ్చినట్టుంటది."

"చెయ్యనిది చేసిన్నని ఎట్ల చెప్తర్రా?"

"నువ్వు చెయ్యకుంటె ఎవడు చేసిండు మరి?"



కొత్త కట్ట తెచ్చిన్రట, ప్లాస్టిక్‌ది, గీకితే గూడ పడదట. జమాల్ దినాం ఓడిపోతుండట.

"వానికేమైందో ఏమో, పత్తలే చూస్తలేడు. మొదటికెళ్లి ఆఖరుదాక బ్లైండే. చూడురా జమాల్ అంటే, నేను షేర్‌ను, సింహాన్ని, నాకు చూసుడెందుకు అంటడు. గింజలన్ని సంగమేశ్ ముందటనే."

మస్తు నవ్విన. నేను లేంది జమాల్ ఆట గూడ మర్చిపోయిండు. మూడు సార్లేరా బేవకూఫ్, నాలుగోసారి చూడాలె. ఓడిపోనీ. మంచిగైంది. నన్ను దొంగ అన్న నోరు గద.

జూన్ 25

మంచిగైంది.

జూలై 1

జమాల్ మా ఇంటి ముందటికెళ్లి పోయిండు. నేను అరుగు మీద కూసున్న. వాని నెత్తి నా దిక్కే తిరిగింది, చూపు నా మీదనే పడ్డది. మన్ను చూసినట్టు చూసి పోయిండు. తిట్టినా మంచిగుండు. నేను దగ్గలే, పిలవలే. మనకు గూడ రోషం ఉంటది.

ఇంట్లకొచ్చి లిల్లీని చారుల ఉప్పెక్కువైందని తిట్టిన. ఉప్పు మంచిగనే ఉన్నది.

జూలై 6

పీర్లు ఎల్లినయి. డప్పులు, ఊదు పొగ, మా ఊరు ఖేడ్ అంత రోడ్డు మీదనే. నేను గూడ పోయిన, దినాం ఇంట్ల కూసుంటె గ్రేసమ్మ నాతోని బెండకాయలు కోపిస్తుంది.

జమాల్ కనవడ్డడు. వాని పెండ్లాం అఖ్తర్ బేగం చెయ్యి పట్టుకొని నిలవడ్డడు. ముసలితనంల గీ చెయ్యి పట్టుకునుడేంది, కొత్త పెండ్లికొడుకు లెక్క. ఎప్పుడైతే ఊరంత ఇనవడేటట్టు అంటుంటి. ఇయ్యాల అనలే. దగ్గరికి పోయి నిలవడ్డ, ఊకె.

జమాల్ నా దిక్కు తిరిగిండు. నవ్విండు! చెయ్యి ఎత్తి, "సలామలేకుం పటేలా, మంచిగున్నరా?" అన్నడు.

నా పానం లేసొచ్చింది. పటేలట. మల్ల నాతోని మజాక్ చేస్తుండనుకున్న. ఇగ కథ ఒడిసిందనుకున్న.

"మంచిగనే ఉన్న జమాల్. ఆటకు రావాల్నా రేపు?"

నా గొంతు ఇనంగనే వాని నవ్వు ఆగిపోయింది. దీపం మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు.

"నేను నీకు జెప్పలే సలాం" అన్నడు.

"మరెవనికి జెప్పినవ్? నేను దప్ప గీడ ఎవడున్నడు?"

అఖ్తర్ బేగం వాన్ని చెయ్యి పట్టి తీస్కపోయింది. పోంగ పోంగ ఎనుకకు తిరిగి నన్ను చూసింది. కోపం చూపు గాదు. ఏం చూపో సమజ్ కాలే.

ఎదురుంగ నిలవడి సలాం జెప్పి, నీకు గాదంటడు. గిది ఏం మర్యాద? ఏం మనిషి?

జూలై 7

బ్లైండ్ గురించి ఇంకో మాట రాయాల్నని కూసున్న. బ్లైండ్ ఆడేటోని ఎదురుంగ కూసున్నప్పుడు ముందుగాల తెలుసుకోవాల్సింది, వాడు చూడక ఆడుతుండా, లేకుంటె

ఆగిపోయిన.

మల్ల రాస్తున్న. చాయ్ తాగొచ్చిన.

పత్తల మీద దొంగ గుర్తు ఏడ పెడ్తరు? ఎనుక దిక్కు పెడ్తరు. ఎదుటోని చేతిలున్నది ఏందో మనకు కనవడాలె గద. ఆ గీతలు ముందట దిక్కున్నయి. ముందట నంబరే రాసి ఉంటది. రెండు అని రాసి ఉన్న కాడ రెండు గీతలు గీకేటోడు ఎవడు? ఆ గీతలతోని ఎదుటోని పత్తలు తెల్వయి. మన చేతిలయే తెలుస్తయి, అదీ బొటనవేలు పెడితే. మన చేతిలయి మనకు కండ్లతోనే కనవడ్తయి గద, మల్ల వేలు ఎందుకు?

కనవడకుంటె.

మెడ నొస్తుందని కుట్టుమిషన్ బంద్ చేసిండు. సూదిల దారం పోతలేదని చెప్పలేక మెడ మీద పెట్టిండా? వానికి షుగర్. వాళ్లన్న హస్నైన్‌కు గూడ షుగర్‌తోనే కండ్లు పోయినయి. నిన్న పటేలా అన్నడు. మొన్న మన్నును చూసినట్టు చూసిండు.

అరే జమాల్.

ఒక్క పత్తతోని గూడ మోసం చెయ్యలే వాడు. మాకు కండ్లతోని తెలిసేది వానికి గోరుతోని తెలిసింది, గంతే. గీతలున్నప్పుడు గూడ నేనే ఎక్కువ గెలుస్తుంటి. మంచిగ ఆడుత గాబట్టి.

ఇగ నాకు తెలిసింది. రేపు పోయి నలుగుట్ల చెప్తే నా పేరు సాఫ్.

జూలై 9

పోయిన. షెడ్డుకు గాదు, జమాల్ ఇంటికి.

మంచం మీద కూసున్నడు. అఖ్తర్ బేగం "రాండ్రి స్తెఫన్ భాయ్" అన్నది, గట్టిగ, వాడు ఇనాల్నని. ఆమె గింత గట్టిగ ఎప్పుడు మాట్లాడలే. చాయ్ పెడ్తనని లోపలికి పోయింది.

"ఎందుకొచ్చినవ్?" అన్నడు జమాల్.

"నా అంగీ మీద మరక పడ్డది, చూసి చెప్పు ఏం మరకనో."

అంగీ మీద మరక లేదు. నా నోరు గట్లనే ఉంటది, నేనేం చెయ్యాలె.

"ఎప్పటి కెళ్లిరా?" అని మెల్లగ అడిగిన.

"ఏంది ఎప్పటికెళ్లి?"

"జమాల్."

తలుపు దిక్కు ముఖం తిప్పుకున్నడు. "మనుషులు కనవడ్తరు. ముఖాలు కనవడవు" అన్నడు. "హైదరాబాద్ దవాఖానల చూపెట్టినం. ఇగ రావన్నరు."

"నాకు చెప్తే ఏమైతుండె?"

"నీకా?" నవ్విండు. నవ్వు గాదది. "మా హస్నైన్ భాయ్‌కు చూపు పోతే నువ్వు ఏం పేరు పెట్టినవ్?"

"నవ్వుకు అన్న. అందరు నవ్విన్రు."

"టార్చిలైట్ అన్నవ్. అందరు నవ్విన్రు, మా అన్న నవ్వలే. ఖేడ్ అంత టార్చిలైట్ హస్నైన్ అన్నరు. సచ్చిపోతే మయ్యత్‌కు వచ్చినోళ్లు గూడ టార్చిలైట్ పోయిండట అనుకుంట వచ్చిన్రు. నాకేం పేరు పెట్టాలనుకుంటున్నవ్, చెప్పు, ఇని పెట్టుకుంట."

అది ఊరు అన్న మాట. ఊరు అన్నదానికి నేనేం చెయ్యాలె. ఒక్కసారే అన్న నేను. రెండుసార్లు.

"నన్నెందుకు దొంగను చేసినవ్రా?" అన్న.

"నిన్ను దొంగంటె నాలుగు దినాలు నవ్వుతరు. నీకు అలవాటే గద. నన్ను గుడ్డోడంటే ఇగ నేను మనిషిని గాను, మూలకేసిన మంచాన్ని. పో, చెప్పుకో. నీ ఇష్టం. నేను మాత్రం నువ్వే చేసినవని చెప్త, అల్లా ముందట గూడ."

చాయ్ తాగకుండనే లేసిన. అఖ్తర్ బేగం గేటు దాక వచ్చింది.

"భాయ్, ఆసిమ్‌కు తెల్వదు. కొడుక్కు తెలిస్తే గడప దాటనియ్యడు. హస్నైన్ భాయ్‌ను గట్లనే కూసోబెట్టిన్రు, కూసున్న కాడనే పోయిండు. ఆ షెడ్డుదాక నడిచి పోయొచ్చుడు ఒక్కటే ఈయనకు మిగిలింది. అడుగుల లెక్క తోని పోతడు. మీకు దండం పెడ్త."

"నేనేం చెప్తలే" అన్న. కోపం మీదనే అన్న.

జూలై 10

చెప్పాలె. వాడు నన్ను నలుగుట్ల లేపిండు, నేను గూడ నలుగుట్ల లేపాలె. రేపు చెప్త.

జూలై 11

వాన పడ్డది. పోలే.

జూలై 13

ఐతారం. చర్చి కెళ్లి వచ్చినంక గ్రేసమ్మ బైబిల్ తెచ్చి నా ముందట పెట్టింది. ఎవరో చర్చిల అడిగిన్రట, మీ ఆయన పత్తల్ల దొంగతనం చేసిండటగా అని.

"చెయ్యి పెట్టి చెప్పు. చేసినవా, లేదా?"

"ముందుగాల చెయ్యి కడుక్కొస్త, కూర అంటింది."

"నకరాలు బంద్ చెయ్యి."

చెయ్యి పెట్టిన. "చెయ్యలే" అన్న.

నా ముఖం దిక్కు చూసింది. "సరే. నమ్మిన" అన్నది. చికెన్ల కాలు ముక్క నాకే ఏసింది. గ్రేసమ్మ నమ్మిందంటె ఇగ ఎవడు నమ్మకున్నా ఏంది. నాకేం ఫరక్ పడదు.

జూలై 15

షెడ్డుకు పోయిన. నాకు ఇంట్ల తోస్తలేదు, గందుకే పోయిన. ఇంకేం లేదు.

ముగ్గురు కూసున్నరు. జమాల్ ముందట మూడు పత్తలు బోర్ల పడున్నయి, ముట్టలే. బ్లైండే. గింజలు ఐదారు మిగిలినయి.

సంగమేశ్ నన్ను చూసి, "యాకప్పా, దారి తప్పినవా కాకా?" అన్నడు, వాని కన్నడం కలిపి.

"ఒప్పుకుందామని వచ్చిన. నేనే గీకిన. ఈ గోరే" అని చిటికెన వేలు చూపెట్టిన. "మీరందరు గాడిదలు, కనుక్కుంటరా లేదా అని చూసిన. కనుక్కునేసరికి పెండ్లీడుకొచ్చిన పిల్లలకు పిల్లలు పుట్టిన్రు."

మొగులయ్య తొడ కొట్టుకొని నవ్విండు. "నేను చెప్పలే? నేను చెప్పలే? గీనిదే పనని! గా దినమే ఒప్పుకుంటె అయిపోవు గదరా." సంగమేశ్ గూడ నవ్విండు, ఆపుకుంట ఆపుకుంట. చాప మీద జరిగిండు. నాకు జాగ అయింది. గింజల డబ్బ నా దిక్కు నూకిండు.

కూసోబోయిన.

"వాడు కూసుంటె నేను లేస్త" అన్నడు జమాల్.

మొగులయ్య నవ్వు ఆపిండు. "జమాల్ భాయ్, ఒప్పుకున్నడు గద. ఇగ ఏమున్నది?"

"దొంగోనితోని నేనాడ."

"అరే, మజాక్ చేసిండు..."

"నేనాడ అన్న."

నా దిక్కే ముఖం పెట్టి అంటుండు, కని చూపు నా చెవి పక్కకెళ్లి పోతుంది, నా ఎనుక ఎవడో నిలవడ్డట్టు. చేతులు మాత్రం నాకు కనవడ్డయి. పత్తలను ముట్టుతున్నయి, ఇడుస్తున్నయి. నున్నటి ప్లాస్టిక్ పత్తలు.

నాకు సమజైంది. ఎరికైనోని ముందట బ్లైండ్ ఆడుడెట్ల?

"సరేతీ" అన్న. "నాతోని ఆడితే ఓడిపోతడని భయం. నేను పోత."

"కూసో కాకా" అని సంగమేశ్ అన్నడు గని మెల్లగ అన్నడు. ఒక్కని కోసం ఇంకొకన్ని లేపాలంటె దొంగోన్నే లేపుతరు. నేనున్నా గట్లనే చేస్త.

పోంగ పోంగ గింజల సప్పుడు ఇనవడ్డది. ఆట మొదలైంది.

జూలై 16

గ్రేసమ్మకు తెలిసింది. ఖేడ్ల తెల్వకుండ ఉంటదా, మొగులయ్య నోరు బస్సు హారన్ గద.

"ఒప్పుకున్నవట" అన్నది.

"ఆ."

"బైబిల్ మీద చెయ్యి పెట్టినవ్."

ఏం చెప్పాలె? ఈమెకు చెప్తే చర్చిల టీచరమ్మకు చెప్తది, టీచరమ్మ చెల్లెలుకు చెప్తది, చెల్లెలు అయినంక ఖేడ్ అంత. గ్రేసమ్మ కడుపుల మాట దాగదు, ఆమె తప్పు గాదు.

"గా దినం చెయ్యి సరిగ కడుక్కోలే, గందుకే తప్పు మాటొచ్చింది" అన్న.

గీ మాటకు ఎప్పుడైతే గరిటె ఇసిరేసేది. ఇయ్యాల ఇసరలే. అన్నం పెట్టి పోయి లోపల కూసున్నది. లిల్లీ గూడ నవ్వలే.

జూలై 17

ముఫ్లిస్ గురించి రాసేదేం లేదు. రాసిన కాడికి చాలు.

జూలై 18

మా ఇంటి ముందట నల్లా పైపు పలిగిందని గుంత తవ్విన్రు. నడుంలోతు ఉంటది. చుట్టు ఏం పెట్టలే, తాడు లేదు, రాయి లేదు. తవ్వేటోళ్లు తిండికి పోయి మల్ల రాలే.

ఆట యాల్లకు జమాల్ వస్తుండు. మా దిక్కు గోడ పట్టుకొనే నడుస్తడు, ఎప్పుడు. అడుగుల లెక్కతోని వస్తుండు, నెత్తి ఎత్తుకొని, చూసేటోనికి నవాబు లెక్క. గుంతకు సక్కగ వస్తుండు.

లేసిన. చెయ్యి పట్టుకుందామంటె ఊరంత చూస్తుంది, అరుగుల మీద అందరున్నరు. గుంత ఉన్నదిరా, ఆగు అంటె, కనవడ్తలేదా ఈనికి అని ఎవడన్న అంటడు. ఎంత ఆలోచన చెయ్యాలె, వాడేమో నడుస్తనే ఉన్నడు.

గుంతకు ముందట నిలవడి ఒర్లిన. "ఏయ్ దొంగ జమాల్! ఆట రానోడా! నా ఇంటి ముందటి కెళ్లి పోవుడు నీకు సిగ్గు లేదా? ఆ దిక్కు కెళ్లి పో, నీ మొకం చూస్తే నా అన్నం అరుగదు!"

ఆగిండు. ఉమ్మిండు. రోడ్డు దాటి ఆ దిక్కు గోడ పట్టిండు, పోయిండు. ఎనుకకు తిరగలే.

అరుగుల మీదోళ్లు నా దిక్కు చూసిన్రు. గ్రేసమ్మ తలుపు కాడ నిలవడ్డది.

"దొంగతనం నువ్వు చేసి, మల్ల వాన్నే దొంగంటవా? ఏం పుటక పుట్టినవయ్యా" అన్నది. ఆమె కండ్లల్ల నీళ్లున్నయి. ముప్పై తొమ్మిదేండ్ల సంసారంల ఎన్నో అన్నది, గిట్ల అనలే.

ఆట అయినంక వాడు తిరిగొచ్చేటప్పుడు గూడ ఆ దిక్కు గోడకే పోయిండు. నేను అరుగు మీదనే కూసున్న, చూసిన.

తవ్వేటోళ్లు ఇందాక వచ్చి చూసి పోయిన్రు. కొత్త పైపు రావాల్నట, రేపు గూడ గుంత పూడ్చరట. రేపు ఏమని తిట్టాల్నో ఆలోచన చెయ్యాలె.